మూడో కుంచం

ఆమదాలవలస,
ఏప్రిల్ నెలాఖరు, ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన కృపకు,

ప్రభువు నామంలో నీకు శుభములు. మేమిక్కడ క్షేమం. నువ్వూ క్షేమమేనని ఫోనులో పడే ఆ రెండు నీలం గీతల్ని బట్టి అనుకుంటున్నాం. చదువుతున్నావు, పలకడం లేదు, అంతే కదా. ఉత్తరానికి ఆ గీతలుండవు. నువ్వు చదివావో చింపేశావో నాకు తెలిసే వీల్లేదు. నాకూ కొంచెం నిమ్మళంగా ఉంటుంది.

ఇక్కడ ఎండలు ముదిరాయి. నాగావళిలో ఇసక తప్ప ఏమీ కనబడదు. పెరట్లో పనస ఈసారి పదకొండు కాయలు కాసింది. లేత కాయ ఒకటి మీ నాన్నే కొట్టి పొట్టు చేశారు, చేతికి నూనె రాసుకోమంటే వినలేదు, రెండు రోజులు జిగురు గోక్కుంటూ కూచున్నారు. ఆవ పెట్టి వండాను. నువ్వుంటే సగం గిన్నె నీకే పోయేది.

పెదమ్మ వచ్చి వెళ్ళింది. ఏదేదో చెప్పింది, నేను పట్టించుకోలేదు. క్రిస్మస్ నాడు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్లకి నువ్వు లేవలేదట, బయట బాదం చెట్టు కింద నిలబడ్డావట, హైదరాబాదులో ఇప్పుడు చర్చికే వెళ్ళడం లేదని వాళ్ళ అల్లుడు ఎవరి దగ్గరో విన్నాడట. వాళ్ళ అల్లుడికి ఏ పనీ లేదు. నేను రాయబోయేది వేరే సంగతి.

నీ కథ చదివాను. ఉగాది సంచికలో వచ్చిందని నువ్వు చెప్పలేదు, రాజాం పిన్ని చెప్పింది. శ్రీకాకుళం ఒక పని మీద వెళ్ళాల్సొచ్చి (ఆ పని సంగతి తర్వాత రాస్తాను, కంగారు పడకు) అక్కడే సంచిక కొన్నాను. ఇంకా టైముందని తెలుగు కథలన్నీ దాచే కథానిలయానికి కూడా వెళ్ళాను. కారా మాస్టారు 1997లో పెట్టినప్పుడు స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళిన గుర్తు. ఆయన 2021లో పోయారు గాని ఆ అరల ముందు నిలబడితే ఇప్పటికీ ఎవరో పంతులు గారు వెనక నుంచి చూస్తున్నట్టే ఉంటుంది. నీ కథ కూడా అక్కడికి చేరుతుందా అని అడిగాను. నీ పేరూ ఇంటిపేరూ రెండూ చెప్పాను. కోప్పడకు.

కథ బాగుంది. ఆ మాస్టారు చొక్కా బొత్తాం ఊడిపోతే గుండుసూది పెట్టుకుని బడికెళ్ళడం చాలా బాగుంది. అది ఎవరి చొక్కానో నాకు తెలుసు, మీ నాన్నకీ తెలుసు, ఏమీ అనలేదు. కాని చివరి పేరా నాకు రుచించలేదమ్మా. కొడుకుతో పన్నెండేళ్ళు మాట్లాడని మనిషి, చర్చి గంట వినగానే కళ్ళనీళ్ళు పెట్టుకుని ‘అంతా అర్థమైంది’ అనుకుంటాడు. ఏమర్థమైంది? నాకు కాలేదు. మీ నాన్నకి గట్టిగా చదివి వినిపించాను. ఆయన ‘గంట ఎవరు కొట్టారు?’ అన్నారు. ముప్ఫై ఏళ్ళు గంట కొట్టిన మనిషి కదా, అదే అడుగుతారు.

తొమ్మిదో తరగతిలో నీకు ‘దిద్దుబాటు’ చెప్పింది నేనే. విజయనగరం గురజాడ వారు 1910లో రాసింది. సాని పాటకి మరిగిన గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొస్తాడు, పెళ్ళాం కమలిని లేదు, ఉత్తరం ఉంది. చదివి కుమిలిపోతాడు, తప్పు తెలుసుకుంటాడు. కొత్తగా రాసేవాళ్ళయితే అక్కడ ఆపేసేవారు. నువ్వయితే గంట కూడా కొట్టించేదానివి. ఆయన ఆపలేదు. మంచం కింద నుంచి ఆ కమలిని చేత నవ్వించాడు. ఆ నవ్వుతో గోపాలరావు పశ్చాత్తాపం గోపాలరావు చేతిలోంచి జారిపోయింది. రేపు ఈయన మళ్ళీ పాటకి వెళ్తాడా మానతాడా అని నలభై మంది పిల్లలు ప్రతి ఏడూ నాతో దెబ్బలాడేవారు. నువ్వు వెళ్తాడన్నావు. గుర్తుందా?

నీకు కావలసిన మాట ఎపిఫనీ, ఉన్నట్టుండి అంతా వెలిగినట్టు తెలిసిపోవడం, నాకు తెలుసు. జేమ్స్ జాయిస్ అనే ఐర్లండు రచయిత చర్చిలో మాటని పట్టుకొచ్చి కథలకి పెట్టాడని నువ్వే ఓ రాత్రి చెప్పావు. అది జనవరి 6 పండగ. బాప్టిస్టులం మనం చేసుకోం, ఆర్‌సీఎం వాళ్ళు, అంటే కేథలిక్కులు, చేస్తారు. తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రం చూసి వచ్చిన రోజు. బాగానే ఉంది. చూసి తిన్నగా ఎవరి గుమ్మం తొక్కారు? హేరోదు రాజుది. అంత వెలుగు చూసినవాళ్ళు ఇల్లు తప్పారు, దానికి బేత్లెహేములో పసిపిల్లలు బలయ్యారు. క్రిస్మస్ నాటకంలో ఏటా మనం ఈ భాగం ఎగరగొట్టేస్తాం, అట్ట కిరీటాలు పెట్టే తొందరలో.

చూశావా, పాఠం మొదలెట్టేశాను. వద్దనుకునే కూచున్నాను.

డిసెంబరులో రైలెక్కే ముందు నువ్వొక మాటన్నావు. ‘నాకేమీ తెలియడం లేదమ్మా, ప్రార్థనలోనూ అంతే, కాగితం ముందూ అంతే’ అని. నేను వెంటనే ‘మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థన చెయ్యి’ అన్నాను. రైలు కదిలింది. కిటికీలోంచి నువ్వు చెయ్యి ఊపలేదు. ఆ జవాబు తప్పని స్టేషను మెట్లు దిగుతుండగానే తెలిసింది. దమస్కు దారిలో వెలుగుకి చూపు పోయి సౌలు మూడు రోజులు తిండీ నీళ్ళూ మానేశాడు, నిజమే. కళ్ళొచ్చాక బాప్తిస్మం తీసుకుని చేసిన పనేమిటో చూడు, ‘ఆహారము పుచ్చుకొని బలపడెను’ అని ఉంటుంది. కనక నువ్వు తిను. రాత్రిపూట బిస్కెట్లు తిండి కిందకి రావు.

మీ తాత సంగతి నీకు ఎప్పుడూ సగమే చెప్పాను. మిగతా సగం ఇప్పుడు చెప్తాను.

తాత కామందు కళ్ళంలో కొలతగాడని నీకు తెలుసు. కోతలయ్యాక కూలి గింజలు కుంచంతో కొలిచి ఇచ్చేది ఈయనే. ఒకటి అనరు, ‘లాభం’ అంటారు, తర్వాత రెండు, మూడు. తాత గొంతు ఖణేల్మనేది, లాభం అంటే ఏటి అవతలికి వినబడేది. ఆ కొలతలో ఒక కిటుకుంది. కుంచం పట్టుకునేటప్పుడు కుడిచేతి బొటనవేలు లోపలికి ఉంచితే, ఎంత తలకొట్టి కొలిచినా కుంచానికి పిడికెడు గింజలు మిగులుతాయి. పూటకి వంద కుంచాలు కొలిస్తే వంద పిడికిళ్ళు. అవి కామందు గాదెలోకే పోతాయి, తాతకి ఒక్క గింజ రాదు. అందుకే అది దొంగతనమని ఆయనకెప్పుడూ తోచలేదు. అప్పటికి నాగావళిలో బాప్తిస్మం తీసుకుని ఇరవై ఏళ్ళయింది. ఆదివారం మానడు, దశమభాగం మానడు. వేలు మాత్రం లోపలే.

ఏటా ఉజ్జీవ కూటాల్లో తాత సాక్ష్యం ఉండేది. నాకు పదేళ్ళప్పటి నుంచీ విన్నాను. మొదటి ఏడు, కళ్ళంలో కొలుస్తుంటే మనసులో ఏదో వెలిగిందన్నాడు. మరుసటేడు ఆ వెలుగు దీపమంత. ఇంకో ఏడు దివిటీ అంత. నేను ఏడో తరగతికొచ్చేసరికి కళ్ళమంతా సూర్యుడు దిగినట్టయింది, స్వరం కూడా వినబడింది. జనం ‘స్తోత్రం, స్తోత్రం’ అని ఒకటే ఊగడం. పాస్టరుగారు తాతని ఆఖరున ఉంచేవారు, ఆయన తర్వాత ఎవరు చెప్పినా చప్పగా ఉంటుందని.

ఆ రాత్రి ఆడవాళ్ళ చాప మీంచి అమ్మమ్మ లేచింది. అమ్మమ్మ కూటంలో నోరు విప్పగా నేనెప్పుడూ చూడలేదు. ‘ఎలుగూ నేదు గిలుగూ నేదు. పట్టపగలు. ముసల్దానికి కొలిసినాడు, ఏలు బయటెట్టినాడు. అంతే’ అని కూచుంది.

ఏమి జరిగిందంటే, కోతల ఆఖరి రోజున ఒక వితంతువు, మనవణ్ణి చంకనేసుకుని గంప పట్టింది. తాత ‘లాభం’ అన్నాడు. ఆ ముసలమ్మ గింజల వైపు చూడకుండా ఆయన చేతి వైపు చూసి, ‘బాబూ, ఆ ఏలు నొప్పెట్టదేటి, రోజంతా అలాగ ఇరికించి ఉంచితే?’ అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే జాలి పడి అంది. తాత ఏమీ అనలేదు. రెండో కుంచం కూడా వేలు లోపల పెట్టే కొలిచాడు. మూడోది ఎత్తినప్పుడు వేలు బయట ఉంది. ఆ తర్వాత మళ్ళీ లోపలికి పోలేదు. ఆ ముసలమ్మ వెనక వరసలో అమ్మమ్మ కూడా గంప పట్టుకుని నిలబడింది, అందుకని చూసింది.

గాదె లెక్క తగ్గిందని కామందుకి సంక్రాంతికల్లా తెలిసిపోయింది. మరుసటేడు కొలత పని పోయింది. ఆ ఏడంతా మా ఇంట్లో రెండు పూటలా చోడంబలే. నేను తాగిన అంబలి ఎందుకు తాగానో ఆ రాత్రి చాప మీద కూచుంటేగాని నాకు తెలియలేదు.

తర్వాతి కూటాల్లో తాత వెలుగు సంగతి ఎత్తలేదు. వేలు సంగతి చెప్పాడు, మొదటి రెండు కుంచాల సంగతి కూడా దాచకుండా. ఒక్కరూ స్తోత్రమనలేదు. కిరాణా కొట్టాయన మాత్రం నెల రోజులు మాతో మాట్లాడ్డం మానేశాడు.

నీ మాస్టారికి గంట మోగింది. వేలెక్కడుంది? ఆ పన్నెండేళ్ళలో ఏదో ఒక పని ఆయన రోజూ ఒకేలా చేసి ఉంటాడు, ఆ రోజు చెయ్యడు, లేకపోతే చెయ్యబోయి ఆగుతాడు. గుండుసూది నీ చేతిలోనే ఉంది కదా, దాన్నేం చేశావు? మొదటి పేజీలో పెట్టి మర్చిపోయావు. ఇంతకంటే చెప్పను. కథ రాసేదానివి నువ్వు, నేను కొలతగాడి కూతుర్ని.

ఇక శ్రీకాకుళంలో పనేమిటంటే, కుడికంటికి శుక్లం తీశారు. మార్చిలో. చెప్తే సెలవు పెడతావని చెప్పలేదు. పెట్టవేమోనని కూడా చెప్పలేదు, ఆ మాటా రాసేస్తున్నాను. కట్టు విప్పిన రోజు మీ నాన్న మంచం కోడు పక్కన తువ్వాలు ఆరేసినట్టు కనబడ్డారు. మర్నాటికి మనిషయ్యారు. బేత్సయిదా గుడ్డివాడికి యేసు ఒకసారి చెయ్యేస్తే మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు కనబడ్డారు, రెండోసారి వేస్తేగాని తేటపడలేదు. మార్కు ఎనిమిదో అధ్యాయం. ఆయన చెయ్యి వేసినా మొదటిసారి సగమే పడిందంటే ఎవరికీ మింగుడు పడదు, ఆ వాక్యం మీద ప్రసంగం నేనెప్పుడూ వినలేదు. నువ్వు చిత్తు రాసి చించేసేటప్పుడు ఒకసారి చదువు. కాగితం మీద చెట్లే కనబడుతున్నాయని పెన్ను మూసెయ్యకు.

చర్చి సంగతి అడగడం లేదు. ఈస్టరుకి పాస్టరుగారు ప్రసంగానికి ఎమ్మాయు దారి తీసుకున్నారు, అది చెప్తున్నానంతే. యెరూషలేముకి ‘ఆమడ దూరము’ అని ఉంటుంది మన బైబిల్లో. ఆమడకీ ఆమదాలవలసకీ సంబంధం లేదని నాకు తెలుసు, ముప్ఫైమూడేళ్ళు తెలుగు చెప్పాను, అయినా ఆ మాట వినగానే మన ఊరి రోడ్డే కనబడుతుంది. యేసు పోయాడని ఆ ఇద్దరు శిష్యులూ ఊరొదిలి వెళ్ళిపోతున్నారు చూడు, ఆశ వదిలేసి. పక్కన నడిచేదెవరో ఆమడ పొడుగునా తెలియలేదు. రొట్టె విరిచినప్పుడు యేసని తెలిసింది, తెలిసీ తెలియగానే ఆయన కనబడలేదు. అప్పుడు ‘మన హృదయము మనలో మండుచుండలేదా’ అని ఒకరినొకరు అడుక్కున్నారు. దారిలో మండుతున్నప్పుడు మాత్రం ఇద్దరూ మొహాలు వేలాడేసుకునే ఉన్నారు.

బాదం చెట్టు కింద నువ్వు నిలబడ్డం నేనూ చూశాను, పెదమ్మ చెప్పనక్కర్లేదు. ప్రేమవిందయ్యాక నూతి దగ్గర డేగిసాలన్నీ నువ్వు తోమడం కూడా చూశాను. అడుగంటిన బిర్యానీ డేగిసా, ఎవరూ ముట్టుకోనిది, ఇసకేసి తోమావు. పెదమ్మ అది చూడలేదు, అప్పటికి ఇంటికెళ్ళిపోయింది.

పార్సిలు పంపుతున్నాను. చోడిపిండి రెండు కేజీలు, ఎండు మెత్తళ్ళు (వేరే కవరులో, నీ గదిలో పిల్ల ముక్కు మూసుకుంటే వరండాలో వేయించుకో), పలాస జీడిపప్పు, పొందూరు తువ్వాళ్ళు రెండు. చోడిపిండి తడి చెయ్యి పెట్టకుండా తియ్యి. మీ నాన్న నీ పాత టేబుల్ లైటు కూడా పెట్టమన్నారు, ఎందుకని అడిగితే చెప్పరు. పగులుతుందని పెట్టలేదు, ఆయన మొహం మాడ్చుకుని కూచున్నారు, చివరికి తువ్వాలు చుట్టి పెట్టాను.

ఫోను చేస్తే ఆదివారం మధ్యాహ్నం రెండు దాటాక చెయ్యి, అప్పటికి భోజనాలవుతాయి. చర్చికెళ్ళావా అని అడగను. ఏం తిన్నావని అడుగుతాను, దానికి మాత్రం నిజం చెప్పు.

ఎడమకన్ను మే 18న చేస్తామన్నారు. రమ్మనడం లేదు. తేదీ చెప్పాను, అంతే. ఆ రోజులకి పెళ్ళిళ్ళ రద్దీ, రైలు టికెట్లు ఇప్పుడే చూసుకోవాలి, తర్వాత దొరకవు.

ఇట్లు,
అమ్మ