ట్రెడ్‌మిల్ లెక్కలు పళ్లెంలోకి తేవద్దు

చిన్నా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. పొద్దున ఏమీ తినకుండా జిమ్, మధ్యాహ్నం అరకడుపు భోజనం, సాయంత్రం గంటసేపు పరుగు, రాత్రికి మంచినీళ్లు. మొదట్లో చకచకా తగ్గిన బరువు ఇప్పుడు కదలడం లేదని, ఆ మధ్యాహ్నం భోజనంలో కూడా కోత పెట్టి పరుగు పెంచుతానని రాశావు. నువ్వు బరువు తగ్గాలనుకోవడం నాకు సంతోషమే. షుగర్ అంచున ఉందని డాక్టరు చెప్పాక కూడా పట్టించుకోకపోతే అప్పుడు తిట్టేదాన్ని. నాకు నచ్చనిది నీ పద్ధతి. తిండి తగ్గించడం, ఒళ్లు వంచడం రెండూ ఒకటే పని చేస్తాయనుకుని రెండు వైపుల నుంచీ ఒంటిని పిండుతున్నావు. ఫోన్లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. ఇన్నేళ్లు పిల్లలకు జీవశాస్త్రం పాఠాలు చెప్పిన నోరు ఊరుకోదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదువు.

ముందు ఆ చకచకా తగ్గిన కిలోల సంగతి. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఉంటుంది, అటూ ఇటూగా 400, 500 గ్రాములు. దాని ప్రతి గ్రాముకూ సుమారు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. తిండి ఒక్కసారిగా తగ్గిస్తే శరీరం మొదట ఆ నిల్వను ఖర్చు పెడుతుంది, నీరు కూడా దాంతో పాటే పోతుంది. అంటే మొదటి వారంలో బరువు చూసే మెషిన్ మీద నువ్వు చూసి మురిసిపోయిన దాంట్లో చాలా భాగం నీళ్లే. కొవ్వు అంత వేగంగా కరగదు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి ఉంటుంది. రోజుకు 500 కేలరీల లోటు పెట్టుకుంటే ఆ కిలో పోవడానికి పదిహేను రోజులు పడుతుంది. ఇప్పుడు నీకు ఆగిపోయినట్టు కనిపిస్తున్నదే నిజానికి మామూలు వేగం కావచ్చు. పైగా కొత్తగా కష్టమైన వ్యాయామం మొదలుపెట్టినప్పుడు కండరాలు వాచి కొంత నీరు పట్టి ఉంచుతాయి. ముందు రోజు రాత్రి ఉప్పు ఎక్కువ తిన్నా మర్నాడు ముల్లు పైకి పోతుంది. రోజూ మెషిన్ ఎక్కి టెన్షన్ పడేకంటే వారం మొత్తం సగటు చూసుకో.

ఇక వ్యాయామం ఎంత కరిగిస్తుందో చూద్దాం. నీలాంటి 90 కిలోల మనిషి గంటసేపు గబగబా నడిస్తే సుమారు 300 నుంచి 350 కేలరీలు ఖర్చవుతాయి. అందులో ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవి కూడా కలిసే ఉంటాయి, ఆ మాట ట్రెడ్‌మిల్ చెప్పదు. ఒక చిప్స్ ప్యాకెట్, ఒక చిన్న కూల్‌డ్రింక్ కలిస్తే ఆ గంట నడక చెల్లు. తినడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఇంకో విషయం విను. టాంజానియాలో హడ్జా అని వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే జనం ఉన్నారు. రోజూ మైళ్లకొద్దీ నడుస్తారు. వాళ్లు రోజుకు ఖర్చుపెట్టే శక్తిని పరిశోధకులు కొలిచి 2012లో ప్రచురించారు. శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే, అది ఎక్కువసేపు కూర్చుని బతికే అమెరికా, యూరప్ వాళ్ల ఖర్చుకు దాదాపు సమానంగానే ఉంది. శ్రమ పెరిగితే శరీరం మరో చోట పొదుపు చేసుకుంటుందని దీనికి వివరణ చెబుతున్నారు. అందుకే పరుగు రెట్టింపు చేస్తే కరగడం రెట్టింపు అవుతుందనుకోకు.

అలాగని జిమ్ మానేయమనడం లేదు. తొందరపడి సంబరపడకు. బరువు దించడంలో పెద్ద వాటా తిండిది. దిగిన బరువు మళ్లీ ఎక్కకుండా చూడటం, కండ కరిగిపోకుండా కాపాడటం, రక్తంలోని చక్కెరను కండరాలు వాడుకునేలా చేయడం, గుండె, నిద్ర, మనసు, ఇవన్నీ వ్యాయామం చూసుకునే పనులు. నీకు అసలు కావలసింది ఈ రెండోదే. అమెరికాలో నీలాగే షుగర్ అంచున ఉన్న మూడు వేల పైచిలుకు మందితో ఒక పెద్ద అధ్యయనం చేసి 2002లో ఫలితాలు ప్రకటించారు. ఒక గుంపుకు 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడకలాంటి శ్రమ లక్ష్యంగా పెట్టారు. మామూలు సలహాలు, ఉత్తుత్తి మాత్రలతో సరిపెట్టిన గుంపుతో పోలిస్తే వాళ్లలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. షుగర్ మందు వాడిన గుంపులో తగ్గింది 31 శాతం. 7 శాతం అంటే నీకు ఆరు కిలోల చిల్లర! నువ్వు రాసిన పాతిక కిలోల లక్ష్యం ఎక్కడిది? ఎవరి ఫొటో చూసి పెట్టుకున్నావో నాకు తెలీదు గానీ, ముందు ఈ ఆరు కిలోలు తగ్గు. తర్వాతి సంగతి తర్వాత చూద్దాం.

నీ మెసేజ్‌లో నన్ను బాగా కంగారు పెట్టిన వాక్యం ఒకటుంది. పార్టీలో రెండు కేకు ముక్కలు తిన్నానని, మర్నాడు "శిక్షగా" రెండు గంటలు పరిగెత్తానని రాశావు. తిండి తప్పు, పరుగు దానికి శిక్ష. ఈ లెక్క ఒకసారి బుర్రలోకి ఎక్కితే వదలడం కష్టం. తిన్న ప్రతిసారీ నేరం చేసినట్టుంటుంది, వ్యాయామం చేసిన ప్రతిసారీ జరిమానా కట్టినట్టుంటుంది. జరిమానా ఎవడైనా ఇష్టంగా కడతాడా? కొన్నాళ్లకు జిమ్ మీదే విరక్తి పుడుతుంది. దీనికి రెండో ముఖం కూడా ఉంది, అది ఇంకా తియ్యగా మోసం చేస్తుంది. "ఇవాళ కష్టపడ్డాను కదా, ఇది తినొచ్చు" అనుకోవడం. అలా బహుమతిగా తినేది సాధారణంగా ఖర్చుపెట్టిన దానికంటే ఎక్కువే ఉంటుంది. వాచీలో కనబడే కేలరీల అంకె చూసి భోజనం నిర్ణయించకు. ఆ వాచీలు గుండె వేగం చెప్పినంత నమ్మకంగా కేలరీలు చెప్పలేవు. తిండి వేళకు తిండి, వ్యాయామం వేళకు వ్యాయామం. కేకు తిన్నావా, తిన్నావు. మర్నాడు మామూలుగా తిను, మామూలుగా నడువు. రెండు ముక్కల కేకుతో మనిషి లావెక్కడు, ఏ మనిషీ రెండు గంటల పరుగుతో సన్నబడడు.

అరకడుపు సంగతి కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో, 1944, 45లలో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకుల మీద ఒక ప్రయోగం చేశాడు. వాళ్లంతా ఇష్టపడి వచ్చినవాళ్లే. ఆరు నెలల పాటు తిండిని రోజుకు 1,600 కేలరీల దగ్గరికి దించి, వారానికి 35 కిలోమీటర్లు నడిపించారు. 1,600 అంటే నువ్వు ఇప్పుడు తింటున్న దానికంటే ఎక్కువే అని నా అనుమానం. వాళ్లకు ఎప్పుడూ చలి, నీరసం, చీటికీ మాటికీ కోపం. స్నేహితుల మీద, చదువు మీద ఆసక్తి పోయింది. రోజంతా తిండి ధ్యాసే, కొందరు వంటల పుస్తకాలు పోగేసుకుని చదువుకున్నారు. ఆంక్షలు తీసేశాక ఎంత తిన్నా తృప్తి లేక చాలామంది అదే పనిగా తిన్నారు. ఆఫీసులో ఊరికే చిరాకొస్తోందని, రాత్రిళ్లు వంట వీడియోలు చూస్తూ పడుకుంటున్నానని నువ్వే రాశావు. నీ మనోబలం తక్కువై అలా జరుగుతోందనుకోకు. ఆకలితో ఉన్న ఏ మెదడైనా అంతే చేస్తుంది.

ఆకలి ఒక్కటే కాదు, కండ కూడా పోతుంది. తిండి బాగా తగ్గించి, బరువులు ఎత్తకుండా, ప్రొటీన్ చూసుకోకుండా తగ్గితే, పోయిన బరువులో నాలుగో వంతు దాకా కండ ఉండొచ్చు. మెషిన్ ఆ తేడా చెప్పదు, అది చూపించేది మొత్తం కిలోలే. తర్వాత మళ్లీ పెరిగినప్పుడు వచ్చేది ఎక్కువగా కొవ్వే. అందుకే పరుగులో సగం సమయం తీసి వెయిట్స్‌కి పెట్టు. ప్రొటీన్ విషయానికొస్తే, తగ్గుతున్న సమయంలో శరీర బరువులో కిలోకు 1.2 గ్రాముల చొప్పున లెక్కేసుకో, నీకు రోజుకు సుమారు 110 గ్రాములు. గుడ్డులో ఆరేడు గ్రాములే ఉంటుంది కాబట్టి ఒక్క పూట భోజనంతో ఇది అందదు. పప్పులు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం, నీకు నచ్చినవి మూడు పూటలకూ పంచుకో. పౌడరు డబ్బా తప్పనిసరి కాదు, మీ జిమ్‌లో ఎవరు ఏం చెప్పినా సరే.

మరి లోటు ఎక్కడి నుంచి తేవాలంటావు. ముందు తాగే చక్కెర తీసెయ్. కూల్‌డ్రింకులు, జ్యూసులు, రోజుకు నాలుగైదు సార్లు తాగే తియ్యటి కాఫీ, ఇవి కడుపు నింపవు, లెక్కలో మాత్రం చేరతాయి. తర్వాత ప్యాకెట్ తిండి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 20 మందిని నాలుగు వారాలు ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీలో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. రెండింట్లోనూ వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానం, ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్రాసెస్ చేసిన తిండి ఉన్న రోజుల్లో వాళ్లు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, బరువూ పెరిగారు. నీకు కావలసిన 500 అక్కడే ఉన్నాయి, ఆకలితో మాడక్కర్లేదు. పళ్లెంలో సగం కూరగాయలు ఉండేలా చూసుకుని, నూనె చేత్తో వంచకుండా స్పూనుతో కొలిచి పోసుకో. గ్రాము పిండిపదార్థంలో నాలుగు కేలరీలుంటే గ్రాము నూనెలో తొమ్మిది. ఏ పదార్థాన్నీ జీవితకాలం నిషేధించుకోవద్దు, నువ్వు చిన్నప్పటి నుంచీ వద్దన్నదే చేసే రకం.

వ్యాయామానికి కొలత ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు మాట్లాడగలిగేంత ఆయాసంతో చేసే శ్రమ, కనీసం రెండు రోజులు కండరాలకు పని. పదివేల అడుగుల గురించి అడిగావు. ఆ అంకె 1960లలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరుతో ప్రచారంలోకి వచ్చింది, వైద్యులు లెక్కగట్టి పెట్టింది కాదు. ఏడెనిమిది వేలు నడిచినా మేలే, మూడు వేలు నడిచేవాడు అయిదు వేలు నడిచినా మేలే. వారంలో ఒక రోజు పూర్తిగా విశ్రాంతి ఇవ్వు. చెమట పట్టించే జాకెట్ కొనొద్దు. చెమటలో పోయేది నీరు, రెండు గ్లాసులు తాగితే తిరిగొస్తుంది. కరిగిన కొవ్వులో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊపిరితోనే బయటికి పోతుంది. పదో తరగతిలో శ్వాసక్రియ చెప్పినప్పుడు ఈ మాట అంటే పిల్లలెవరూ నమ్మేవాళ్లు కాదు. పొట్ట దగ్గరే కరగాలని వందల క్రంచెస్ చేయడం కూడా వృథా, కొవ్వు ఎక్కడ ముందు తగ్గాలో మనం నిర్ణయించలేం.

అయిదు గంటలకే లేచి జిమ్‌కి పరిగెడుతున్నావు, పడుకునేది పన్నెండు దాటాక. ఇది నీ డైటింగ్‌నే దెబ్బతీస్తుంది. షికాగోలో ఒకే రకంగా కేలరీలు తగ్గించుకున్న వాళ్లను ఒక విడత ఎనిమిదిన్నర గంటలు, మరో విడత అయిదున్నర గంటలు పడుకోనిచ్చి చూశారు. రెండు విడతల్లోనూ తగ్గిన బరువు దాదాపు ఒకటే. నిద్ర తక్కువైన విడతలో మాత్రం అందులో కొవ్వు సగం కంటే తక్కువ, మిగతాది కండ వగైరా. ఆకలి కూడా ఎక్కువైంది. కాబట్టి జిమ్ సాయంత్రానికి మార్చుకో. కుదరని రోజు జిమ్ మానెయ్, నిద్ర మానకు.

ఇంకొక్క మాట. కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా, జుట్టు బాగా ఊడినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు కూడా ఏర్పడొచ్చు. వారానికి అరకిలో నుంచి కిలో వరకు తగ్గడం చాలు, కొన్ని వారాలు అసలు తగ్గకపోయినా కంగారు లేదు. షుగర్ పరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించుకోవాలో డాక్టరు రాసిచ్చాడు కదా, ఆ తేదీ నాకు పంపు.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఎన్ని కిలోలు తగ్గావో చెప్పొద్దు. ఎన్ని గంటలు పడుకున్నావో, పొద్దున ఏం తిన్నావో అడుగుతాను. "ఏమీ తినలేదు" అంటే మాత్రం ఈ ఉత్తరమంతా మొదటి నుంచీ ఫోన్లో చదివి వినిపిస్తాను.

ఆశీస్సులతో,
అమ్మ