ఆ రాత్రి అమ్మోనియా పరీక్ష రాసిన డాక్టరమ్మ గారికి

మా బాబు పుట్టిన మూడో రోజున పాలు తాగడం తగ్గించాడు. ఎప్పుడూ నిద్రే. అసలు ఏడవడు, ఎంత బుద్ధిమంతుడో అని మురిసిపోయాం. సాయంత్రానికి లేపినా లేవలేదు, ఊపిరి మాత్రం గబగబా తీస్తున్నాడు. ముందు చూపించిన చోట ఇన్ఫెక్షన్ అన్నారు. మందులు వేసినా తేడా లేదు.

మీ దగ్గరికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. వాడిని చూడగానే మీరు, "అమ్మోనియా చూశారా?" అని అడిగారు. అంతవరకు ఎవరూ అడగని మాట అది. ఆ శాంపిల్‌ని ఐస్‌లో పెట్టి వెంటనే ల్యాబ్‌కి చేర్చాలట, లేకపోతే అంకె తప్పు వస్తుందట. సిస్టర్ గారు ఆ డబ్బా పట్టుకుని మెట్ల మీద పరుగెత్తడం ఇంకా నా కళ్లముందే ఉంది. ఆ టెన్షన్‌లో ఆమె పేరైనా అడగలేదు. ఆ సిస్టరమ్మకు నా దండాలు.

పుట్టిన బిడ్డ రక్తంలో అమ్మోనియా మామూలుగా లీటరుకు సుమారు 100 మైక్రోమోల్ లోపే ఉండాలట. వాడికి 640 వచ్చింది.

జబ్బు పేరు సిట్రులినీమియా. ప్రోటీన్ వల్ల తయారయ్యే అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చి మూత్రంలో పంపేస్తుంది. అందుకు కావలసిన ఒక ఎంజైమ్ వాడిలో పనిచేయదు. కడుపులో ఉన్నన్నాళ్లూ ఆ పని నా ఒళ్లే చేసిపెట్టింది. బయటికొచ్చాక అమ్మోనియా పేరుకుని మెదడుకెక్కింది. అక్కడి కణాలు దాన్ని గ్లుటమిన్‌గా మారుస్తాయి, అది నీటిని లాక్కుంటుంది, మెదడు వాస్తుంది. మేం నిద్ర అనుకున్నది ఇదే. అంత హడావిడిలోనూ కాగితం మీద బొమ్మ గీసి ఇదంతా చెప్పారు మీరు.

ప్రోటీన్ ఆపి గ్లూకోజ్, అమ్మోనియాను తగ్గించే సోడియం బెంజోయేట్, ఆర్జినిన్ మందులు ఎక్కించారు. తెల్లారేలోపే డయాలసిస్ మొదలుపెట్టారు.

నేనేదో తినకూడనిది తిన్నానేమోనని కుమిలిపోతుంటే, జెనెటిక్ కౌన్సెలర్ గారు మా ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. లోపమున్న జన్యువు ఇద్దరి నుంచీ చెరొకటి వచ్చింది, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం, ఇందులో ఎవరి తప్పూ లేదు అన్నారు. ఆ మాటతోనే నేను మళ్లీ అన్నం తినగలిగాను.

ఇప్పుడు వాడికి పదకొండు నెలలు. కూర్చోవడం ఆలస్యమైంది, ఫిజియోథెరపీ చేయిస్తున్నాం. జ్వరమొచ్చి తిండి మానేస్తే ఒంట్లోని కండే కరిగి అమ్మోనియా పెరుగుతుందని మీరు రాసిచ్చిన ఎమర్జెన్సీ లెటర్ ఎప్పుడూ నా సంచిలోనే ఉంటుంది.

నిన్న రాత్రి ఆకలేసి ఇల్లంతా దద్దరిల్లేలా ఏడ్చాడు డాక్టరమ్మా. పాలు కలుపుతూ ఆ ఏడుపు వింటుంటే మీరే గుర్తొచ్చారు.