నే చార్లెస్ నన్ను నిద్రపోనివ్వలేదు

ప్రియ మిత్రమా,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయకుండా మూడు నెలలు గడిపాను, క్షమించు. అమ్మ కాలినొప్పి తగ్గింది, పిల్ల బడికి వెళుతోంది, ఇక్కడ మేరీల్యాండ్‌లో చలి ఇంకా వదలలేదు. ఇంటి కబుర్లు ఇంతే. శనివారం రాత్రి ఒక సినిమా చూశాను. ఆ సంగతి నీకు చెప్పేదాకా నా మనసు నిలవదు.

వాషింగ్టన్‌లో హోవర్డ్ విశ్వవిద్యాలయం ఎదురుగా, జార్జియా అవెన్యూలో సంకోఫా అనే పుస్తకాల దుకాణం ఉంది. ఇథియోపియాలోని గోండార్‌లో పుట్టి, 1967లో అమెరికా వచ్చి, ఆ విశ్వవిద్యాలయంలోనే దశాబ్దాల పాటు సినిమా పాఠాలు చెప్పిన హైలే గెరీమా, తన భార్య షిరికియానా ఐనాతో కలిసి దాన్ని స్థాపించారు. పంపిణీదారులు ముందుకు రాకపోతే, బానిసత్వం మీద తీసిన 'సంకోఫా' సినిమాకు తానే థియేటర్లు అద్దెకు తీసుకొని ఊరూరా చూపించిన మనిషి ఆయన. ఆ పట్టుదలకు మీ తాతగారే గుర్తొచ్చారు. గొడుగు సంగతి మనిద్దరికే తెలుసు కనుక ఇంతకంటే రాయను.

నేను చూసింది ఆయన 1982లో తీసిన 'యాషెస్ అండ్ ఎంబర్స్'. నివురుగప్పిన నిప్పు అన్నమాట. అందులో కథానాయకుడి పేరు 'నే చార్లెస్', వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన నల్లజాతి సైనికుడు. ఏళ్లు గడిచినా అతనిలో ఆ యుద్ధం ముగియలేదు. ప్రేమించిన మనిషి దగ్గరా కుదురుగా ఉండలేక, వాషింగ్టన్‌కూ పల్లెలోని అవ్వ ఇంటికీ మధ్య తిరుగుతూ, చివరికి లాస్ ఏంజెలెస్ చేరితే, అక్కడ పోలీసులు కారు ఆపి తుపాకులు గురిపెడతారు. ఏ దేశం కోసం పోరాడాడో ఆ దేశమే, మిత్రమా! కథ వరసగా నడవదు. అతని జ్ఞాపకాలు ఎలా విరిగిపడ్డాయో సినిమా కూడా అలాగే విరిగి విరిగి సాగుతుంది. అవ్వ ప్రేమ, టీవీలు బాగుచేసే ఒక పెద్దాయన మాటలు అతన్ని మెల్లగా తనవాళ్ల చరిత్ర వైపు తిప్పుతాయి.

అతని జబ్బునూ అతనికి జరిగిన అన్యాయాన్నీ గెరీమా విడదీయలేదు, నన్ను పట్టి కుదిపింది అదే. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు, పారిపోయే బానిసలకు 'డ్రేపటోమేనియా' అనే మానసిక వ్యాధి ఉందని రాసి, కొరడాను మందుగా చెప్పాడు. స్వేచ్ఛ కోరడానికి అంత సులువుగా జబ్బు పేరు దొరికిన దేశంలో, యుద్ధం మిగిల్చిన ఈ వేదనకు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అనే పేరు వైద్యుల గ్రంథంలోకి ఎక్కింది 1980లో. అంటే ఈ సినిమాకు రెండేళ్ల ముందు మాత్రమే! ఇంకొకటి చెప్పాలి: ఆయన అంతకుముందు తీసిన 'బుష్ మామా' ఆరంభంలో, పోలీసులు ఆయన చిత్రబృందాన్నే ఆపి సోదా చేస్తున్న నిజమైన దృశ్యాలు ఉంటాయి. అందుకే ఆ కారు దృశ్యం నాకు కల్పితంగా అనిపించలేదు.

చూస్తున్నంతసేపూ మీ వీధి చివరి మిలిటరీ మామయ్యే నా కళ్లముందు మెదిలారు. దీపావళి టపాకాయలకు ఆయన మంచం కిందికి దూరితే మనం నవ్వేవాళ్లం. ఆయనను ఒంటి రంగు చూసి ఎవరూ ఆపలేదు, ఆ రెండో బరువు ఆయన మీద లేదు, అయినా ఆయన అంతగా... ఇప్పుడు ఎక్కడున్నారో నీకు తెలుసా? తెలిస్తే, ఒకసారి వెళ్లి ఆయన దగ్గర కూర్చుంటావా?

అవ్వ వంటింటి దృశ్యం గురించి కూడా రాయాలనుకున్నాను, కానీ పిల్లను బడి నుంచి తీసుకురావలసిన వేళ దాటిపోతోంది.

నీ
మూడో బెంచీ మిత్రుడు