కొత్త కీబోర్డు వేయించే ముందు

సంపాదకులకు నమస్కారం.

ల్యాప్‌టాప్‌లో నాలుగు అక్షరాలు పడకపోతే చాలు, కీబోర్డు పోయిందని తేల్చేసి కొత్తది వేయించేవారు చాలామంది. అది వేశాక కూడా అక్షరాలు పడకపోతే డబ్బు దండగే. విప్పేముందు జబ్బెక్కడుందో చూసుకోవాలి.

విండోస్‌కు బదులు, పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌తో ల్యాప్‌టాప్ ఆన్ చేసి అన్ని మీటలూ నొక్కి చూడండి. అక్కడ సరిగ్గా పడుతుంటే కీబోర్డు బాగున్నట్టే, తేడా విండోస్‌లో ఉంది. కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు అదిమిపెడితే ఫిల్టర్ కీస్ అనే విండోస్ సెట్టింగ్ ఆన్ అవుతుంది. అప్పుడు మీటను కాసేపు నొక్కి ఉంచితే తప్ప అక్షరం పడదు. చిన్న ల్యాప్‌టాప్‌లలో యు, ఐ, ఓ నొక్కితే 4, 5, 6 వస్తున్నాయంటే అక్షరాల మీటలను అంకెలుగా మార్చే నమ్ లాక్ పడినట్టు. @ నొక్కితే కొటేషన్ గుర్తు వస్తోందంటే విండోస్‌లో ఎంచుకున్న మీటల అమరిక (లేఅవుట్) బ్రిటన్‌ది అయి ఉంటుంది. వీటికి స్క్రూడ్రైవర్‌తో పనే లేదు.

లినక్స్‌లోనూ అవే మీటలు మొరాయిస్తే అప్పుడు హార్డ్‌వేర్. ఏయే మీటలు చచ్చాయో కాగితం మీద రాసుకోండి, అసలు ఆచూకీ అక్కడే దొరుకుతుంది. కీబోర్డు లోపల కరెంటు పారే సన్నటి గీతలుంటాయి, ప్రతి మీటా ఒక అడ్డగీత, ఒక నిలువుగీత కలిసే చోట ఉంటుంది. ఒక్కటే పనిచేయకపోతే దాని కింద దుమ్మో, విరిగిన క్లిప్పో, అరిగిన రబ్బరు బుడిపో కారణం. పక్కపక్కన లేకపోయినా నాలుగైదు ఒకేసారి ఆగిపోతే ఒక గీత తెగినట్టు, లేదా కీబోర్డును మదర్‌బోర్డుకు (ప్రధాన సర్క్యూట్ బోర్డుకు) కలిపే పట్టీలాంటి రిబ్బన్ కేబుల్ వదులైనట్టు. అందుకే ముందు రిబ్బన్ చూడాలి. షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ విడదీశాకే దాన్ని ముట్టుకోండి. కనెక్టర్ మీది సన్నటి మూతను గోటితో మెల్లగా పైకెత్తి, రిబ్బన్ తీసి, 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక వంకర లేకుండా దూర్చి మూత వేయాలి. కొన్నిటిలో మూత పైకి లేవదు, ముందుకు జరుగుతుంది. బలవంతం చేసి దాన్ని విరిచారంటే మదర్‌బోర్డు మీది కనెక్టరే మార్చాల్సి వస్తుంది.

గీత తెగిందని తేలితే మాత్రం కొత్త కీబోర్డే దారి. ఆ గీతలు పలుచటి ప్లాస్టిక్ పొర మీద ఉంటాయి, టంకం వేడికి పొర కరిగిపోతుంది.

ద్రవం ఒలికితే పవర్ బటన్ అదిమిపట్టి వెంటనే ఆపేయండి, ఛార్జర్ పీకి బోర్లించండి. హెయిర్ డ్రయ్యర్ వద్దేవద్దు. ఆ వేడికి మీటలు వంకర్లు పోతాయి, గాలికి తడి ఇంకా లోపలికి పోతుంది. తీపి పానీయమైతే ఆరాక బాగా పనిచేసినా నమ్మకూడదు. చక్కెర జిగురు లోపలే ఉండి మీటలను పట్టేస్తుంది, తడి తగిలిన గీతలు రోజులు గడిచేకొద్దీ తుప్పు పడతాయి. విప్పించి మదర్‌బోర్డు కూడా చూపించాలి.

మీటలు పైకి ఉబికి, టచ్‌ప్యాడ్ కూడా లేచి ఉంటే అది కీబోర్డు జబ్బు కాదు, బ్యాటరీ ఉబ్బింది. నొక్కి సర్దకండి, ఛార్జింగ్ పెట్టకండి. వెంటనే బ్యాటరీ తీయించండి.

కొత్తది కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు ఒక్కటే చెబితే సరిపోదు. పాత కీబోర్డు వెనక ఉన్న పార్ట్ నంబరు, రిబ్బన్ వెడల్పు, బ్యాక్‌లైట్ వైరు ఉందా లేదా చూసి పోల్చుకోవాలి. చాలా పలుచటి ల్యాప్‌టాప్‌లలో కీబోర్డును పై కవరుకు ప్లాస్టిక్ రివెట్లతో అతికిస్తున్నారు. అందువల్ల ఒక్క మీట కోసం మొత్తం కవరు మార్చాల్సి వస్తోంది. తయారీదార్లు రివెట్లు మాని స్క్రూలు వాడాలని, కీబోర్డును విడిగా అమ్మాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

— ల్యాప్‌టాప్ మరమ్మతు టెక్నీషియన్లు