పరీక్ష వాయిదా పడితే చదువూ వాయిదా పడాలా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

పోటీ పరీక్షల వాయిదాల వల్ల నిరుద్యోగులు పడే యాతన గురించి మీ పత్రికలో పలుమార్లు ఉత్తరాలు వచ్చాయి. ఆ ఆవేదన పూర్తిగా న్యాయమైనదే. అయితే ఆ వాయిదాల చాటున మరో వాయిదా జరుగుతుంటుంది, దాని ఊసు ఎవరూ పెద్దగా ఎత్తరు. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక శాఖా గ్రంథాలయంలో చాలా ఏళ్లు గ్రంథపాలకుడిగా పనిచేసి ఈమధ్యే పదవీ విరమణ చేసిన నేను, ఆ రెండో వాయిదాను రోజూ కళ్లారా చూశాను.

తెలంగాణ గ్రూప్-2 సంగతే తీసుకుందాం. 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. పరీక్షను మొదట 2023 ఆగస్టు నెలాఖరుకు నిర్ణయించి, తర్వాత నవంబరుకు, అక్కడి నుంచి 2024 జనవరికి, మళ్లీ ఆగస్టుకు జరిపి, చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో నిర్వహించారు. దరఖాస్తు చేసుకున్న దాదాపు 5.5 లక్షల మందిలో సగం మంది కూడా హాజరు కాలేదు. రానివారిలో వేరే ఉద్యోగం దొరికినవారు ఉంటారు, సంసార భారం నెత్తిన పడినవారు ఉంటారు, అందరినీ ఒకే గాటన కట్టడం తగదు. కానీ పుస్తకాలు కొని, గది అద్దెకు తీసుకుని, చదువుతున్నానని ఇంట్లో చెబుతూ, ఏ రోజు పని ఆ రోజు రేపటికి నెట్టుకుంటూ వచ్చి, తీరా తేదీ దగ్గరపడ్డాక ధైర్యం చాలక ఆగిపోయినవారు కూడా ఉన్నారు. అలాంటివారు కొందరు నా బల్ల ఎదుట కూర్చుని కంటతడి పెట్టుకున్నారు కాబట్టి ఈ మాట రాయగలుగుతున్నాను.

మా గ్రంథాలయంలో పాఠకులు లోపలికి రాగానే హాజరు పుస్తకంలో పేరు, వచ్చిన వేళ రాసి సంతకం చేస్తారు. పరీక్ష వాయిదా పడిందన్న వార్త వచ్చిన వారం తిరగకముందే, రోజుకు రెండు పేజీలు నిండే సంతకాలు అర పేజీకి పడిపోయేవి. ఉదయం వచ్చేవారు మధ్యాహ్నానికి, మధ్యాహ్నం వచ్చేవారు సాయంత్రం పత్రికల వేళకు జారుకునేవారు. కొత్త తేదీకి నెల రోజులుందనగా మళ్లీ కుర్చీలు చాలేవి కావు. ఈ ఎత్తుపల్లాలన్నిటి మధ్య కొన్ని సంతకాలు మాత్రం అదే వేళకు, దాదాపు అదే వరుసలో, ఏ మార్పూ లేకుండా కనిపించేవి.

ఆ కొద్దిమందిలో పక్క ఊరి నుంచి మొదటి బస్సుకు వచ్చే ఒక అమ్మాయి ఉండేది. రాగానే ఫోను ఆపేసి నా సొరుగులో పెట్టి, "ఒంటిగంట దాకా నేనడిగినా ఇవ్వకండి సార్" అనేది. నోటుపుస్తకం చివరి పేజీల్లో ఎప్పుడు మొదలుపెట్టిందీ, ఎప్పుడు ఆపిందీ, ఏం చదివిందీ పెన్సిలుతో రాసుకునేది. "9.10 నుంచి 10.00, పంచాయతీరాజ్, 73వ సవరణ" అన్నట్టుగా ఒక్కో పంక్తి ఉండేది. రాలేని రోజున ఆ తేదీ వేసి "చదవలేదు" అని రాసి ఊరుకునేది తప్ప, మర్నాడు రెండింతలు చదివి లెక్క సరిచేయాలని చూసేది కాదు. ఇంటికి బయలుదేరే ముందు, మర్నాడు మొదట తీయవలసిన ప్రశ్న ఒక చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకునేది. తెల్లవారి కుర్చీలో కూర్చున్నాక "ఇవాళ ఏం చదవాలి" అన్న ఆలోచనతో అరగంట గడిచిపోయే అవకాశమే ఆమె ఇచ్చుకోలేదు. డిసెంబరులో ఆమె నాలుగు పేపర్లూ రాసింది.

మిగిలినవారు ఆమెకన్నా తెలివి తక్కువవారేమీ కాదు. చాలామంది రోజుకు పద్నాలుగు గంటల టైమ్‌టేబుల్‌ను చార్టు మీద రంగురంగుల స్కెచ్ పెన్నులతో రాసి గోడకు అంటించుకునేవారు. మూడో నాటికి అది తప్పేది, తప్పిందన్న దిగులుతో నాలుగో రోజు పుస్తకమే తెరిచేవారు కాదు. పెద్దలు దీన్ని బద్ధకం అంటారు. నేను చూసినంతలో అది చాలావరకు భయం. ఎకానమీ పేపరు పుస్తకం తెరవగానే ఏమీ రాదన్న కంగారు మొదలవుతుంది, ఆ కంగారు తప్పించుకోవడానికి చెయ్యి ఫోను మీదికి పోతుంది, రీల్స్ చూసినంతసేపూ మనసు తేలికపడుతుంది, ఆపిన వెంటనే భయం ఇంకాస్త పెరిగి ఎదురవుతుంది. ఈ వలయంలో ఉన్నవారిని తిట్టి లాభం లేదు. పని మొదలుపెట్టే క్షణాన్ని చిన్నది చేస్తే, అంటే మొదటి పావుగంటకు ఒక్క ప్రశ్న చాలనుకుంటే, చాలామంది ఆ గడప దాటగలుగుతారు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు కూడా ఇటువంటి మాటే చెబుతాయి. "బాగా చదువుతాను" అన్న సంకల్పం కన్నా "ఫలానా వేళకు, ఫలానా చోట, ఫలానా పని మొదలుపెడతాను" అన్న నిర్ణయం ఎక్కువగా నెరవేరుతుంది.

ఇది నాకూ అనుభవమే. మా ఉద్యోగులకు శాఖాపరమైన పరీక్షలు ఏటా రెండుసార్లు జరుగుతాయి. ఈసారి కాకపోతే ఆరు నెలల్లో మరోటి ఉందిగదా అనుకుంటూ నేను వరుసగా ఎన్నో అవకాశాలు వదులుకున్నాను, నా పదోన్నతి ఆ మేరకు వెనకబడింది. చివరికి రాత్రి భోజనమయ్యాక మంచం ఎక్కకుండా ఇరవై నిమిషాలు బల్ల ముందు కూర్చోవడం అలవాటు చేసుకున్నాకే గట్టెక్కాను.

పరీక్షలను చెప్పిన తేదీకి జరపడం ప్రభుత్వం బాధ్యత, దాని కోసం గట్టిగా అడగవలసిందే. కానీ తేదీ మన చేతిలో లేనప్పుడు, రేపు ఉదయం ఎనిమిది గంటలైనా మన చేతిలో ఉంచుకోవాలని అభ్యర్థులను వేడుకుంటున్నాను. తల్లిదండ్రులు ఫోన్లో "ఎన్ని గంటలు చదివావు" అని నిలదీసే బదులు "రేపు ఎన్నింటికి, దేనితో మొదలుపెడతావు" అని అడిగితే పిల్లలకు ఎక్కువ మేలు జరుగుతుంది.

గ్రంథాలయ సంస్థలకు కూడా ఒక విన్నపం. ఆస్తి పన్నుతో పాటు ప్రజలు ఆ పన్ను మీద 8 శాతం గ్రంథాలయ పన్ను కడుతున్నారు. ఆ సొమ్ము స్థానిక సంస్థల నుంచి సకాలంలో రాబట్టి, పఠన మందిరాలను పొద్దున్నే తెరిచి, ద్వారం దగ్గర ఫోన్లు దాచుకునేందుకు తాళం వేసే చిన్న అరలు ఏర్పాటు చేయించాలి. నా సొరుగులో నాలుగు ఫోన్లకు మించి పట్టేవి కావు.

ఇట్లు,
ఒక విశ్రాంత గ్రంథపాలకుడు,
హనుమకొండ