లైవ్ రాక్ ఇక మా షాపులో ఉండదు

చెన్నై కొళత్తూరులో మా అక్వేరియం చేపల షాపుకి ఏళ్ల తరబడి వస్తున్న మీకు, పొద్దున్నే సూళ్లూరుపేట నుంచి లోకల్ రైలెక్కి వచ్చే మన వాళ్లకి ఈ సంగతి నా నోటితోనే తెలియాలి. ఉప్పునీటి ట్యాంకుల్లో పేర్చే లైవ్ రాక్, అంటే బాక్టీరియా, చిన్న చిన్న జీవాలు పట్టి ఉన్న సముద్రపు రాయి, అమ్మడం ఆపేశాను.

ఐదేళ్లుగా నాకు రాయి పంపే సప్లయర్ ఒకరున్నారు. ఇండోనేషియా సరుకనీ, అరుదైన జీవుల విదేశీ వ్యాపారానికి కావలసిన సైటిస్ పర్మిట్‌తో వస్తుందనీ చెప్పేవారు. పోయిన నెల రెండు థర్మోకోల్ పెట్టెలు వచ్చాయి, 40 కిలోలు. రాత్రి షట్టర్ సగం దించి నేనే విప్పాను. రాళ్లకు చుట్టిన తడి కాగితం తమిళ పేపరు, రామనాథపురం జిల్లా పేజీ. తేదీ చూస్తే మూడు రోజుల కిందటిది. ఒక రాయి తిప్పితే ఉలి దెబ్బ తగిలినచోట సుద్దలా తెల్లగా విరిగి ఉంది. పక్కనే నా అరచేయంత పగడం, బతికే ఉంది. టార్చి వేస్తే గోధుమరంగు పాలిప్స్, అదే పగడంలోని బుల్లి జీవాలు, మెల్లగా లోపలికి ముడుచుకున్నాయి.

అది మన్నార్ సింధుశాఖ రాయి. తూత్తుకుడికీ రామేశ్వరానికీ మధ్య 21 దీవుల చుట్టూ ఉన్న పగడపు దిబ్బలవి. ఒకప్పుడు సున్నం కోసం, సిమెంట్ కోసం వాటిని తవ్వి తవ్వి రెండు దీవులు నీళ్లలో మునిగిపోయాయి. 2001 నుంచి పగడాలు వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. పులికి ఎంత రక్షణో వాటికీ అంతే.

ఫోన్ చేసి కాగితాలు అడిగాను. రెండేళ్ల కిందటి వేరే సరుకు పర్మిట్ ఫొటో పంపారు. "అందరూ అమ్ముతున్నారు, మీకొక్కరికే ఎందుకింత టెన్షన్?" అన్నారు. ఐదేళ్లు ఒక్క బిల్లు ఆలస్యం చేయని నాకు ఆ మాట గుచ్చుకుంది. ఇంకా గుచ్చుకున్నది వేరే ఉంది. ఇన్నాళ్లూ ఫొటో చూసి నమ్మానే తప్ప అసలు కాగితం ఎప్పుడూ అడగలేదు. ఆ తప్పు నాదే.

తర్వాత మూడు రాత్రులు నిద్ర లేదు. వెనక్కి పంపితే సాయంత్రానికల్లా ఇంకో షాపుకి చేరుతుంది. చెన్నై దగ్గరి కోవళంలో సముద్రంలో వదిలేద్దామంటే, షాపు నీళ్లు తగిలిన రాయితో ఏ రోగం, ఏ పురుగు పోతుందో చెప్పలేం. అటవీశాఖకి ఇస్తే కేసు నా మీదికే రావచ్చు. రాళ్లను డ్రమ్ములో ఉప్పునీళ్లు పోసి ఉంచాను. అన్నం ముందు కూర్చున్నా ఆ పంపు చప్పుడే చెవుల్లో. చివరికి మా ఆవిడ, "బిల్లు ఉంది కదా, ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చేయండి" అంది. వెళ్లి రాసిచ్చి, రాళ్లు అప్పగించి, రసీదు తెచ్చుకున్నాను. కట్టిన డబ్బు పోయింది. పోనీ.

మా దగ్గర ఇదివరకు కొన్నవాళ్లు కంగారుపడి రాళ్లను బయట పారేయకండి, సముద్రంలో అసలే వేయకండి. ముందు నాతో మాట్లాడండి. మార్చుకుంటానన్న వాళ్లకి కిలోకి కిలో చొప్పున చేత్తో చేసిన రాయి ఉచితంగా ఇస్తాను.

ఆ రాయి నేనే పోస్తున్నాను. తెల్ల సిమెంట్, కోళ్ల దాణాలో కలిపే ఆల్చిప్ప నూక, కల్లుప్పు. ఉప్పు కరిగిపోయి మిగిలిన బొరియల్లోనే బాక్టీరియా కాపురం పెడుతుంది. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చేది ఆ బాక్టీరియానే కానీ రాయి కాదు. నడుస్తున్న ట్యాంకు స్పాంజి ఒక ముక్క ఇస్తాను, విత్తనంలా పనికొస్తుంది. అయినా చేపలు వేయడానికి ఆరు వారాలైనా ఆగాలి. ఊదారంగు నాచు పట్టడానికి నెలలు పడుతుంది. "సిమెంట్ దిమ్మలు అమ్ముకుంటున్నాడు" అని పక్క వీధిలో అంటున్నారట. అననివ్వండి. సముద్రం నుంచి పగలగొట్టిన రాయి ఒక్క కిలో కూడా నా గుమ్మం దాటి లోపలికి రాదు.

సిమెంట్‌లోని క్షారం దిగిపోవడానికి మొదటి విడత మూడు వారాలుగా డ్రమ్ముల్లో నానుతోంది, రెండు రోజులకోసారి నీళ్లు మారుస్తున్నాం. నిన్న సాయంత్రం ఆ క్షారాన్ని కొలిచే పీహెచ్ 9 చూపించింది. 8.3కి దిగేదాకా ఎవరడిగినా ఇవ్వను. చూడ్డానికి మాత్రం ఎప్పుడైనా రండి.