బావగారి సంతకం లేకపోతే ఆమె భార్య కాదా?

దక్షిణాఫ్రికాలో పెళ్లిళ్ల నమోదు చూసే మంత్రి గారికి,

నమస్కారం. పక్కింటి అక్క పెళ్లి నమోదు చేయమని ఇంగ్లీషులో మూడు అర్జీలు పెట్టాం. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఈసారి నలుగురూ చూసేలా నా భాషలో రాస్తున్నాను. డర్బన్‌లో తెలుగువాళ్లు తరతరాలుగా ఉన్నారు. చదివి మీకు చెప్పేవాళ్లు దొరక్కపోరు.

మా పక్కింటి జులూ అక్క భర్త పోయి 14 నెలలైంది. లొబోలా, అంటే మగపెళ్లివాళ్లు ఆడపెళ్లివాళ్లకిచ్చే పశువులో డబ్బో ఇచ్చి, ఆచారం ప్రకారం చేసుకున్న పెళ్లి వాళ్లది. ఆ రోజు రాసుకున్న కాగితం నేను చేత్తో పట్టుకుని చూశాను. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి దాచుకుంది. 10 పశువులకు సరిపడా డబ్బు, పెళ్లికూతురి తల్లికి విడిగా పదకొండో ఆవు, కింద రెండు వైపుల పెద్దల సంతకాలు. వాటిలో ఆమె బావగారి, అంటే భర్త అన్నగారి సంతకమూ ఉంది.

ఆ బావగారే ఇప్పుడు ఇల్లు తనదంటున్నారు. పెళ్లికూతుర్ని పద్ధతిగా అప్పగించలేదట, కాబట్టి పెళ్లే కాలేదట. మన అప్పగింతల్లాంటిదే అది. ఆ తంతు విలువ నాకూ తెలుసు. కానీ 20 ఏళ్లు కాపురం చేసి, ముగ్గురు పిల్లల్ని కని, అత్తగారికి చివరిదాకా సేవ చేసిన మనిషిని పట్టుకుని ఆ మాట అనడం ఏం న్యాయం? ఆ తంతు లేనంత మాత్రాన పెళ్లి కాలేదనలేమని 2019లో సుప్రీం అప్పీల్ కోర్టే చెప్పింది.

పెళ్లి నమోదు చేసే మీ కౌంటర్లో మాత్రం ప్రతిసారీ ఒకటే మాట: "మగపెళ్లివాళ్ల తరఫున ఎవరినైనా తీసుకురామ్మా." ఎవరిని తేవాలండీ? మామగారు లేరు. మిగిలింది బావగారే. ఇల్లు కావాలంటున్న మనిషే వచ్చి, ఈమె మా తమ్ముడి భార్యేనని సంతకం పెడతారా?

ఆచారం ప్రకారం జరిగిన పెళ్లిళ్లను గుర్తించే 1998 చట్టం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. నమోదు కాకపోయినా పెళ్లి చెల్లుతుందని అందులోనే ఉంది. భర్తతో సమాన హోదా ఇచ్చిందీ అదే. పాత చట్టాలు ఇలాంటి భార్యను ఎంత వయసొచ్చినా మైనర్‌గానే లెక్కగట్టేవి. వారసత్వం పెద్ద మగవాడికే అన్న పద్ధతిని 2004లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. ఇన్ని ఉండి కూడా 50 ఏళ్ల మనిషి సంతకం కోసం బావగారి గుమ్మంలో నిలబడాల్సి వస్తే, ఆమె ఇంకా మైనర్ కిందే లెక్క కదా మంత్రి గారూ?

కోపం ఆపుకోలేకపోతున్నాను, అయినా వేడుకుంటున్నాను. ఆ పాత కాగితం చూడండి. కొత్త సంతకం అడగొద్దు. దాని మీద ఉన్న సంతకమే చూడండి. వచ్చే సోమవారం అక్కతో నేనూ వస్తున్నాను. ఈసారైనా ఉత్తచేతులతో పంపకండి.

ఇట్లు,
పక్కింటి తెలుగు చెల్లెలు, డర్బన్